కథలో వాడికీ ఒక పని ఇవ్వండి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా బాబుకు 8 ఏళ్ళు, మూడో తరగతి. ఇరవై నిమిషాల్లో అయ్యే హోంవర్క్‌కు మా ఇంట్లో మూడు గంటలు పడుతుంది. ఈ ఏడాది ఇప్పటికే నాలుగు పెన్సిల్ బాక్సులు పోగొట్టాడు. పిలిస్తే పలకడు, చెప్పింది సగంలోనే మర్చిపోతాడు. ఫోన్‌లో ఆట పెట్టిస్తే మాత్రం రెండు గంటలైనా కదలడు. డాక్టర్ గారు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం అనే సమస్య) అని చెప్పి మందు మొదలుపెట్టారు. ప్రవర్తనను దిద్దే బిహేవియర్ థెరపీకి కూడా వెళ్ళమన్నారు. అక్కడ కలిసిన ఒకావిడ, పిల్లలే కథను నడిపించే ఆటలు ట్యాబ్‌లో ఉంటాయి, వాటితో ఏకాగ్రత పెరుగుతుంది, ఏడాదికి డబ్బు కట్టి తీసుకోండి అన్నారు. ఫోన్ మాన్పించడానికే రోజూ గొడవ పడుతున్నాం. ఇప్పుడు ఇంకో ఆట కొనాలా? మా అత్తగారేమో "ఫోన్ చూసేటప్పుడు లేని రోగం పుస్తకం తీయగానే వస్తుందా?" అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక అమ్మ, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారు అడిగినదానికి చెబుతాను. దానికి ఇంట్లో అందరూ ఒప్పుకునే సమాధానం దొరక్కపోతే, మీరు ఏ ఆట కొన్నా, ఏ మందు వేసినా, "కావాలనే చేస్తున్నాడు" అన్న మాట వాణ్ణి వదలదు.

మీ బాబుకు ధ్యాస లేదని కాదు. ఉన్న ధ్యాసను తను అనుకున్న చోట నిలబెట్టుకోవడం, అక్కర్లేనప్పుడు అక్కడినుంచి మళ్ళించుకోవడం వాడికి కష్టం. ఫోన్‌లో ఆట రెండు మూడు సెకన్లకోసారి ఏదో ఒకటి ఇస్తూనే ఉంటుంది. ఒక రంగు, ఒక చప్పుడు, ఒక నాణెం. ధ్యాసను పట్టి ఉంచే పని ఆటే చేసేస్తుంది కాబట్టి పిల్లవాడు చేయాల్సింది పెద్దగా ఉండదు. లెక్కల పుస్తకం అలా చేయదు. ఈరోజు గుణకారం సరిగ్గా చేస్తే దక్కే మెప్పు ఏ నెల పరీక్షలోనో వస్తుంది. అంత దూరాన ఉన్న ఫలితం కోసం ఇప్పుడు కుదురుగా కూర్చోవడం ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు చాలా బరువైన పని. అందుకే రెండు గంటలు ఫోన్ చూడగలగడం, పది నిమిషాలు పుస్తకం చూడలేకపోవడం రెండూ నిజమే. అందులో నటన లేదు. ఈ మాట మీ అత్తగారికి మీరు కాకుండా మీ వారు చెబితే బాగుంటుంది.

ఇక కథల ఆటల సంగతి. నేను గుంటూరులో స్పెషల్ ఎడ్యుకేటర్‌ని, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే టీచర్‌ని. పదకొండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. అంతకన్నా ముందు ఇలాంటి పిల్లవాడికి తల్లిని. మా వాడి కోసమే ఈ చదువు చదివాను. వాడి రెండో తరగతి డైరీ నిండా "బద్ధకం", "శ్రద్ధ లేదు" అని ఎర్ర సిరాతో ఉండేది. ఆ డైరీ ఇంకా దాచుకున్నాను.

2012లో కరెంటు కోతలు మీకు గుర్తుండే ఉంటాయి. ఒక రాత్రి మేడ మీద చాప వేసి, మా వాడికీ పక్కింటి పిల్లలకూ ఏడు చేపల కథ మొదలుపెట్టాను. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారు అనేసరికే మా వాడు లేచి నీళ్ళ ట్యాంకు దగ్గరికి పోయాడు. పిలిచాను. వచ్చాడు. మళ్ళీ పోయాడు. మూడోసారి ఎందుకనిపించిందో తెలియదు, "నువ్వు చీమవి. నీ మాట అన్నిటికన్నా చివర్లో వస్తుంది. అప్పటిదాకా పుట్టలో ఉండు" అన్నాను. దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. చేప ఎండలేదు, గడ్డిమేటు అడ్డొచ్చింది. గడ్డిమేటును ఆవు మేయలేదు. ఆవును పాలేరు మేపలేదు. పాలేరుకు అవ్వ అన్నం పెట్టలేదు. అవ్వ దగ్గర పిల్లవాడు ఏడ్చాడు. పిల్లవాణ్ణి చీమ కుట్టింది. తలా ఒక ప్రశ్న, తలా ఒక జవాబు అయ్యి చీమ దాకా రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. దుప్పటి కదల్లేదు. "చీమా చీమా, ఎందుకు కుట్టావు?" అని నేను అడగ్గానే లోపలినుంచి "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా!" అని అరుపు.

మా వాడు దేనికోసమైనా నాలుగు నిమిషాలు ఆగడం అంతకుముందు నేను చూడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు వాడికి అవ్వ పని ఇచ్చాను. అవ్వ వంతు మధ్యలో వస్తుంది. తన మాట చెప్పేశాక కూడా మిగతా కథ వినాలి. చీమ అవడం కన్నా ఇది చాలా కష్టం, ఎందుకంటే తన వంతు అయిపోయింది, ఇంక ఎదురుచూడటానికి ఏమీ లేదు. మొదటి రోజు తన మాట అవగానే లేచిపోయాడు. అవ్వగా చివరిదాకా కూర్చోవడానికి పది రోజులు పట్టింది. మీ అత్తగారికి ఈ కథ వచ్చే ఉంటుంది. ఈ ఆట ఆవిడ చేతే మొదలుపెట్టించండి. ఖర్చు లేదు, స్క్రీన్ లేదు. పైగా మనవడు చీమగా నాలుగు నిమిషాలు ఆగడం ఆవిడ కళ్ళారా చూస్తే, వాణ్ణి చూసే తీరు కూడా మారుతుంది.

ఇప్పుడు మీరు అడిగిన అసలు మాట. ఏకాగ్రత పెరుగుతుందా? ధ్యాసకు, జ్ఞాపకానికి తర్ఫీదు ఇచ్చే కంప్యూటర్ ఆటల మీద చాలా పరిశోధనలు జరిగాయి. పిల్లలు ఆడే కొద్దీ ఆ ఆటలో, దానిలాంటి పరీక్షల్లో మెరుగవుతారు. ఆ మెరుగు హోంవర్క్‌లోకి, తరగతి గదిలోకి దానంతట అది వచ్చేది చాలా తక్కువ. కాబట్టి "ఈ ఆట ఆడిస్తే చాలు, ఏకాగ్రత పెరుగుతుంది" అని ఏడాది డబ్బు ముందే కట్టమంటే కట్టకండి. ఆ డబ్బుతో థెరపీకి ఇంకో నెల వెళ్ళండి.

మరి నేను ఈ కథల ఆటలు ఎందుకు ఆడిస్తానంటే, వేరే విధంగా నేర్పడం కష్టమైన రెండు సంగతులు ఇందులో నేర్పవచ్చు. ఒకటి, చేసే ముందు ఒక క్షణం ఆగడం. రెండోది, ఇది చేస్తే అది జరుగుతుంది అని ముందే ఊహించుకోవడం. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు రోజంతా తమ పొరపాట్ల గురించి తిట్లు తింటూనే ఉంటారు. కథలో పొరపాటు చేసింది వాడు కాదు, కథలో పిల్లవాడు. కాబట్టి దాని గురించి సిగ్గుపడకుండా మాట్లాడగలడు.

ఇంట్లో ఎలా చేయాలో చెబుతాను. మీ ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి కదా, వాటి వెనక వైపు తెల్లగా ఉంటుంది. ఆరు తీసుకోండి. మీది ఖమ్మం కాబట్టి కథ ఖిల్లా ఎక్కడం గురించి పెట్టుకుందాం. మొదటి అట్ట: ఒక పిల్లవాడు ఖిల్లా ఎక్కడానికి సంచి సర్దుకున్నాడు, అందులో నీళ్ళ సీసా, టార్చిలైటు, వేరుశనగలు ఉన్నాయి. రెండో అట్ట: మెట్ల మీద కోతి ఎదురైంది. గట్టిగా అరవాలా? లేక కదలకుండా పది అంకెలు లెక్కపెట్టి వేరుశనగలు కింద పెట్టాలా? అరిస్తే మూడో అట్టకు వెళ్ళాలి. అక్కడ కోతి సంచి లాక్కుని గోడెక్కింది. సంచిలో ఏమేం ఉన్నాయో మూడూ చెబితే తిరిగి ఇస్తుంది. లెక్కపెడితే నాలుగో అట్టకు. అక్కడ చీకటి గుమ్మం ఉంది, సంచిలోంచి ఏది తీయాలి? ఐదో అట్ట దగ్గర అష్టాచెమ్మా గవ్వలు వేయించండి, వానో ఎండో తేలుతుంది. ఆరో అట్టతో పైకి చేరి ఊరంతా చూస్తాడు.

వాడు "లెక్కపెడతాను" అంటే నిజంగానే లెక్కపెట్టించండి. అట్ట మీద చెయ్యి పెట్టుకుని, పైకి వినపడేలా, పది దాకా. అప్పుడే అట్ట తిప్పాలి. మొదట్లో నాలుగుకే తిప్పేస్తాడు. కోప్పడకుండా "కోతి ఇంకా కదల్లేదు" అని మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టండి. ఆట అంతా ఈ పది అంకెల కోసమే. సంచిలోని మూడు వస్తువులు కూడా ఊరికే పెట్టలేదు. "పళ్ళెం తీసి, చెయ్యి కడుక్కుని, నాన్నను పిలువు" అంటే రెండోదానికే మర్చిపోయే పిల్లవాడు అవే మూడు సంగతులు కథలో ఎందుకు గుర్తుపెట్టుకుంటాడో మీరే గమనించండి. ప్రతిదానికీ ఒక బొమ్మ ఉంటుంది, ఒక అవసరం ఉంటుంది. ఇంట్లో పనులు చెప్పేటప్పుడు కూడా అలాగే ఒక్కొక్కటి, కళ్ళకు కనిపించేలా చెప్పాలని మనకూ తెలుస్తుంది.

అట్టలన్నీ ఒకే చోట పెట్టకండి. ఒకటి వంటింట్లో, ఒకటి మెట్ల మీద, ఒకటి పెరటి గుమ్మం దగ్గర పెట్టండి. ఒక్కో అట్టకూ నడిచి వెళ్ళాలి. ఈ పిల్లలు ఒళ్ళు కదులుతుంటే బాగా వింటారు. "కుదురుగా కూర్చుని విను" అనేది వాళ్ళకు రెండు పనులు ఒకేసారి చెప్పడం. కూర్చోవడానికే శక్తంతా అయిపోతుంది, ఇక వినేదేముంది?

నేను చేసిన ఒక తప్పు కూడా చెప్పాలి, మీరు అది చేయకుండా ఉండటానికి. 2016లో ట్వైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ల్యాప్‌టాప్‌లో ఒక కథ తయారుచేశాను. క్రిస్ క్లిమాస్ అనే అమెరికన్ 2009లో దాన్ని రూపొందించారు. ప్రోగ్రామింగ్ రానివాళ్ళు కూడా కొమ్మలు కొమ్మలుగా చీలే కథ రాసుకోవచ్చు, తెలుగు అక్షరాలు చక్కగా వస్తాయి, తయారైన కథ ఇంటర్నెట్ లేకుండానే తెరుచుకుంటుంది. నేను ఉత్సాహం కొద్దీ ప్రతి పేజీకి నాలుగు దారులు పెట్టాను, నొక్కినప్పుడల్లా చప్పుడు పెట్టాను. పిల్లలు విరగబడి ఆడారు. వారం తర్వాత ఏడుగురిని కూర్చోబెట్టి "కథ చెప్పండి" అని అడిగితే ఒక్కరికీ రాలేదు. చప్పుళ్ళ కోసం అన్నీ నొక్కుకుంటూ పోయారు, అంతే. అప్పుడు చప్పుళ్ళు తీసేశాను, నాలుగు దారులను రెండు చేశాను, ప్రతి మూడో పేజీలో "ఇప్పటిదాకా ఏం జరిగిందో పక్కనున్నవాళ్ళకు చెప్పు" అని రాశాను. ఆడే పిల్లలు కాస్త తగ్గారు. కథ చెప్పగలిగే పిల్లలు పెరిగారు.

అందుకని ట్యాబ్‌లో ఆట తీసుకోవాలనుకుంటే ముందు మీరు ఒక పావుగంట ఆడి చూడండి. ఆట మిమ్మల్ని ఆగనిస్తుందా? పిల్లవాడు ఆలోచిస్తూ ఉంటే ఊరుకుంటుందా, లేక టిక్ టిక్ అని తొందరపెడుతుందా? మధ్యలో ప్రకటనలు వస్తున్నాయా? "రేపు రాకపోతే నీ నక్షత్రాలు పోతాయి" అని బెదిరిస్తోందా? అలాంటివి వద్దే వద్దు. కథ మీకు నచ్చి, అది వాడి చేత మాట్లాడించేదైతే వాడండి. పక్కన ఒక పెద్దవాళ్ళు ఉండాలి, పదిహేను నిమిషాలు చాలు. ఐదు నుంచి పదేళ్ళ పిల్లలకు రోజు మొత్తంలో స్క్రీన్ రెండు గంటలు దాటకూడదని భారత పిల్లల వైద్యుల అకాడమీ చెబుతోంది. ఈ పదిహేను నిమిషాలూ ఆ లెక్కలోకే వస్తాయి. కొత్త కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు పిల్లల కథలు ఉచితంగా దొరుకుతాయి. ఒకటి తీసుకుని, మలుపు వచ్చే చోట ఆపి, "ఇప్పుడేం చేయాలి?" అని అడిగితే అదీ కథల ఆటే.

ఆట ఆపేటప్పుడు గొడవ వస్తుంది. అందుకని మొదలుపెట్టక ముందే "ఈరోజు నాలుగో అట్ట దాకా" అని చెప్పేయండి. "హోంవర్క్ చేయకపోతే కథ లేదు" అని మాత్రం ఎప్పుడూ అనకండి. వాడికి రోజులో ఎవరూ తిట్టని పది నిమిషాలు అవే కావచ్చు. ఇంకో మాట, కథ మధ్యలో నీతి చెప్పకండి. "చూశావా, నువ్వూ ఇంట్లో ఇలాగే అరుస్తావు" అన్నారంటే రేపు వాడు ఆటకు రాడు.

రెండు మూడు వారాలయ్యాక కోతిని బడికి తయారయ్యే వేళలోకి తీసుకురండి. బయటి గుమ్మం దగ్గర, వాడి కళ్ళ ఎత్తులో, కోతి బొమ్మ ఉన్న అట్ట అంటించండి. దాని మీద ఒకే ప్రశ్న: "కోతి ఏం పట్టుకెళ్ళింది?" చెప్పులు వేసుకునే ముందు వాడు సంచి తెరిచి పెన్సిల్ బాక్సు, డైరీ, నీళ్ళ సీసా చూసుకుంటాడు. గుర్తు చేయాల్సిన పని మీ గొంతు నుంచి ఆ అట్టకు పోతుంది. పని జరిగే చోటే ఆ గుర్తు ఉండాలి. వంటింట్లో నుంచి మీరు కేకేసి చెప్పింది గుమ్మం దాకా వచ్చేలోపు వాడికి గుర్తుండదు. నా దగ్గరకు వచ్చే ఒక పాప ఇంట్లో ఇదే అట్ట పెట్టాం. ఆ అమ్మాయి కోతికి పేరు కూడా పెట్టుకుంది. నెలకు రెండు పెన్సిల్ బాక్సులు పోయేవి, ఇప్పుడు ఎప్పుడో ఒకటి పోతోంది. పూర్తిగా ఆగిపోలేదు. ఆగిపోవాలని నేను అనుకోను కూడా.

మందు మాత్రం మీరంతట మీరు ఆపకండి. ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు మందు, తల్లిదండ్రులకు శిక్షణ, బడిలో సర్దుబాట్లు, మూడూ కలిపి చేయమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019లో చెప్పింది. ఆరేళ్ళ లోపైతే ముందు తల్లిదండ్రుల శిక్షణే. మీ డాక్టర్ గారు సరైన దారిలోనే వెళ్తున్నారు. ఆకలి తగ్గినా, నిద్ర పట్టకపోయినా ఆయనకు చెప్పండి, మోతాదు చూస్తారు. కథల ఆట వీటికి తోడు మాత్రమే.

ప్రశ్న: మేడమ్, మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా పాపకు 10 ఏళ్ళు. అల్లరి చేయదు, కానీ ఎప్పుడూ ఏదో లోకంలో ఉంటుంది. నిరుడే ఏడీహెచ్‌డీ అని తేలింది. ఎండీవర్‌ఆర్‌ఎక్స్ అని డాక్టర్ చీటీ మీద ఇచ్చే వీడియో గేమ్ ఉందని విన్నాం. మందు బదులు అది ఇస్తే సరిపోతుందా? నెల్లూరులో ఉన్న మా అమ్మ పాపతో రోజూ వీడియో కాల్‌లో మాట్లాడుతుంది. ఆవిడ ఏమైనా సాయం చేయగలదా?
– ఒక తండ్రి

జవాబు: మీ పాప సంగతి పదేళ్ళకైనా తేలింది, సంతోషం. అల్లరి చేయని ఆడపిల్లల్లో దీన్ని ఎవరూ గుర్తించరు. "నెమ్మదస్తురాలు" అని మెచ్చుకుంటూ ఉండగానే చదువులో వెనకబడిపోతారు.

మీరు చెప్పిన ఆటకు 2020 జూన్‌లో అమెరికా ఎఫ్‌డీఏ (మందులకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ) అనుమతి ఇచ్చింది. ఒక వీడియో గేమ్‌ను చికిత్సగా ఒప్పుకోవడం అదే మొదటిసారి. దాని వేర్లు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ ఫ్రాన్సిస్కోలో ఆడమ్ గజాలీ అనే నాడీ శాస్త్రవేత్త నడిపిన ప్రయోగశాలలో ఉన్నాయి. అనుమతి మొదట 8 నుంచి 12 ఏళ్ళ పిల్లలకే ఇచ్చారు, 2023లో 17 ఏళ్ళ దాకా పొడిగించారు. ఇది కథల ఆట కాదు. ఒక బొమ్మను దారి తప్పకుండా నడుపుతూ, అదే సమయంలో ఎదురయ్యేవాటిలో కొన్నిటినే ఎంచుకుని నొక్కాలి. అంటే రెండు పనులు ఒకేసారి. పిల్ల మెరుగయ్యే కొద్దీ ఆట కష్టమవుతుంది.

ఇది మందుకు బదులా అన్నదానికి జవాబు ఆ ఆట మీద జరిగిన ప్రధాన పరీక్షలోనే ఉంది. మందులు వాడని 348 మంది పిల్లలను తీసుకుని, కొందరి చేత ఈ ఆట, మిగతావారి చేత పదాలు కూర్చే ఒక మామూలు ఆట ఆడించారు. రోజుకు 25 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, నాలుగు వారాలు. ఈ ఆట ఆడినవాళ్ళు కంప్యూటర్ మీద చేసే ధ్యాస పరీక్షలో రెండోవారికన్నా మెరుగయ్యారు. కానీ ఇంట్లో ఎలా ఉన్నారని తల్లిదండ్రులను అడిగితే, రెండు గుంపుల్లోనూ కొంత మార్పు కనిపించింది, ఇద్దరి మధ్యా తేడా మాత్రం తేలలేదు. పెద్దగా హాని లేదు, కొద్దిమందికి చిరాకు, తలనొప్పి వచ్చాయి. దీన్ని మిగతా చికిత్సతో కలిపి వాడాలనే ఎఫ్‌డీఏ చెప్పింది, బదులుగా కాదు. డాక్టర్ రాస్తే నెల రోజులు ఆడించి చూడండి, నేను వద్దనను. నెల అయ్యాక ఆటలో ఎన్నో మెట్టుకు వచ్చిందో చూడకండి. పొద్దున్న స్కూల్ బస్సు అందుకునేటప్పుడు ఏమైనా మారిందా అని చూడండి.

ఇక మీ అమ్మగారు. ఆవిడ దగ్గర ఊఁ కొట్టించడం ఉంది. మన పెద్దవాళ్ళు కథ చెప్పేటప్పుడు ఊఁ కొట్టకపోతే ఆపేసేవారు, గుర్తుందా? లోకం మరిచి కూర్చునే పిల్లకు ఇది బాగా పని చేస్తుంది. ఊఁ ఆగింది అంటే ధ్యాస జారింది అని ఆవిడకు వెంటనే తెలుస్తుంది. అప్పుడు "వింటున్నావా?" అని అడక్కుండా రెండు వాక్యాలు వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పమనండి. పిల్లకు చిన్నతనంగా అనిపించదు. కథను పూర్తి చేయకుండా ఒక చిక్కు దగ్గర ఆపి, "రేపు నువ్వు చెప్పు, వాళ్ళేం చేస్తారో" అని వదిలేయమనండి. పాప ఆలోచించుకుని వచ్చిన దారిలోనే మర్నాడు కథ నడవాలి. ఆవిడ అనుకున్న దారి కాకపోయినా సరే.

తెలుగు తప్పులు దిద్దే పని మాత్రం ఆ పావుగంటా పెట్టుకోవద్దనండి. పాప సగం ఇంగ్లీషులో చెప్పినా ఫర్వాలేదు. మాటలు వెతుక్కోవడానికే ధ్యాసంతా ఖర్చయితే ఇక కథకు ఏం మిగులుతుంది?

ప్రశ్న: మేడమ్, నేను పార్వతీపురం మన్యం జిల్లాలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. రెండు తరగతులు కలిపి 31 మంది నా దగ్గరే ఉంటారు. ఒక బాబు పది నిమిషాలకోసారి లేచి బయటికి పరిగెడతాడు. ఇది ఏడీహెచ్‌డీయేనా? ట్యాబ్‌లు, థెరపీలు మాకు అందవు. నేనేం చేయగలను?

జవాబు: మాస్టారూ, పేరు పెట్టడం డాక్టర్లకు వదిలేద్దాం. ఆరు నెలలకు పైగా, ఇంట్లోనూ బడిలోనూ, పన్నెండేళ్ళ లోపే కనిపిస్తే దాని గురించి ఆలోచిస్తారు. చూపు సరిగ్గా లేకపోయినా, చెవి వినపడకపోయినా, రాత్రి నిద్ర చాలకపోయినా పిల్లలు ఇలాగే ఉంటారు. అవి ముందు చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందం ఏడాదికోసారి మీ బడికి రావాలి. వాళ్ళు చూడాల్సిన 30 సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. ఈ బాబు పేరు మీరే ప్రత్యేకంగా చెప్పండి. వాళ్ళు రాసిస్తే పిల్లల సమస్యలను ముందే గుర్తించి చికిత్స చేసే జిల్లా స్థాయి డీఈఐసీ కేంద్రంలో డబ్బు తీసుకోకుండా చూస్తారు. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఉంటే అక్కడి టీచర్‌తోనూ మాట్లాడండి. ఇంటివాళ్ళు దిగులు పడుతుంటే 14416కు ఫోన్ చేయమనండి. అది టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

తరగతిలో మీరు చేయగలిగింది ఒకటుంది. బుర్రకథ చూసే ఉంటారు. కథకుడు చెబుతుంటే పక్కన ఇద్దరు వంతలు తాళం అందుకుంటారు. మీ పాఠాన్ని, అది నీటి చక్రమైనా సరే, నాలుగైదు వాక్యాలకోసారి ఆగే కథగా చెప్పండి. ఆగిన ప్రతిచోటా ఆ బాబు లేచి, గది అడ్డంగా నడిచి, "తందాన తాన" అనాలి. వెంటనే ఇప్పుడు జరిగింది ఒక్క మాటలో చెప్పాలి. "ఆవిరయింది!" లేదా "మబ్బయింది!" మిగతా ముప్ఫై మందీ ఆ మాట అందుకుంటారు. వాడు ఎలాగూ లేస్తాడు. లేచి బయటికి పోయే బదులు పాఠంలోకి లేస్తాడు. రెండో వంతగా నెమ్మదైన పిల్లను ఒకరిని పెట్టండి, వాడికి అంది ఇవ్వడానికి.

మొదటి వారం వాడు తాళం తప్పుతాడు, గుమ్మం దాకా వెళ్ళి కూడా వస్తాడు. కథ ఆపి పిలవకండి. చెబుతూనే ఉండండి, తన తందాన వచ్చేసరికి వస్తాడు.